కోడి పాలివ్వదు కదా, మరి దానికి ప్రోలాక్టిన్ దేనికి?

ప్రోలాక్టిన్ పాల హార్మోన్ అయితే కోళ్లలో దానికేం పని అని అడిగారు. పేరు అలా స్థిరపడింది గానీ పాలిచ్చే జంతువులు పుట్టకముందు నుంచీ ఉన్న హార్మోన్ ఇది. చేపల్లోనూ ఉంది, ఉప్పునీటి నుంచి మంచినీటికి వచ్చిన చేప ఒంట్లో ఉప్పు బయటికి పోకుండా కాపాడేది ఇదే.

మా ఇంట్లో నాటుకోళ్లు ఉన్నాయి కాబట్టి దీని ప్రభావం రోజూ చూస్తుంటాను. పెట్ట పొదుగుకు కూర్చుందంటే ఇక లేవదు, మేత మీద ధ్యాస ఉండదు, చెయ్యి పెడితే ఈకలు విదిల్చి పొడుస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా గుడ్లు పెట్టడం మానేస్తుంది. పొట్ట కింద గుడ్లు తగులుతుంటే ఆ స్పర్శ మెదడుకు చేరి, అక్కడ వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్) అనే పదార్థం విడుదలై, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేత ప్రోలాక్టిన్ తయారు చేయిస్తుంది. అది పెరిగేకొద్దీ అండాశయం కుంచించుకుపోతుంది, కూర్చోవాలన్న పట్టుదల ఇంకా పెరుగుతుంది. 21 రోజులు అలా కూర్చోకపోతే పిల్లలు ఎలా వస్తాయి? గుడ్ల కోసం పెంచే వైట్ లెగ్‌హార్న్ జాతిలో ఈ గుణాన్ని తరతరాల ఎంపికతో దాదాపు పోగొట్టారు, అందుకే అది ఏడాదంతా గుడ్లు పెడుతుంది, పొదగడానికి మాత్రం పనికిరాదు. పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా కోళ్లు కూడా సరిగా పొదగవు, వాటి గుడ్లను చాలామంది నాటుపెట్ట కింద పెట్టేదీ ఇందుకే.

పిల్లలు అక్కర్లేదు, గుడ్లే కావాలంటే పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం చేస్తారు. దయచేసి అలా చేయకండి. కింద జాలీ ఉన్న గంపలోనో బోనులోనో, మేత నీళ్లు పెట్టి, పొట్టకు గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. గూడూ గుడ్లూ తగలకపోతే ప్రోలాక్టిన్ దానంతటదే పడిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ గుడ్లకు వస్తుంది.

పావురాల సంగతి ఇంకా ఆశ్చర్యం. ప్రోలాక్టిన్ వల్ల వాటి మెడ కింది తిత్తి లోపలి పొర మందమై, పెరుగు ముక్కల్లా ఊడి వస్తుంది, కొత్తగా పుట్టిన పిల్లలకు అదే ఆహారం, మగపావురం కూడా ఇస్తుంది. 1930ల్లో అమెరికాలో ఆస్కార్ రిడిల్ అనే శాస్త్రవేత్త బృందం ఈ తిత్తి మీద పనిచేస్తూనే ఈ హార్మోన్‌కు ప్రోలాక్టిన్ అని పేరు పెట్టింది.

ఇంకొకటి, గేదె చేపడానికి కొందరు వేసే ఇంజెక్షన్ ప్రోలాక్టిన్ కాదు, ఆక్సిటోసిన్. ఈనిన కొత్తలో పొదుగులో పాలు తయారవడం మొదలవ్వాలంటే ప్రోలాక్టిన్ కావాలి, తయారైన పాలను బయటికి వదిలించేది ఆక్సిటోసిన్. దూడను కాసేపు కుడవనిస్తే ఆ ఆక్సిటోసిన్ సహజంగానే వస్తుంది.