గుత్తి కోట ఎక్కబోతున్న బిడ్డకు

పాపా,

ఆదివారం నువ్వూ నీ నేస్తులూ అనంతపురం నుంచి గుత్తి కోటకు పోతున్నారని రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సెలవులకు ఊటీ, కొడైకెనాల్ అనే వయసులో మన సీమ కోట చూడాలన్నావు చూడు, కడుపు నిండిపోయింది నాకు. నిద్ర మాత్రం పట్టలేదు.

తెల్లారకముందే బయలుదేరండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. నూలు చున్నీ తలకు చుట్టుకో. దారిలో ఉగ్గాని, బజ్జి తినండి గానీ పొట్ట పగిలేలా తిని కొండెక్కొద్దు. సాయంత్రం గండికోట కూడా చూసొస్తామన్నారంట, ఆ ఊసు మానుకోండి. పెన్నా లోయ అంచున బండల మీద నిలబడాలంటే కాళ్లలో సత్తువ ఉండాల. దాన్ని కార్తీకంలో పెట్టుకోండి, నేనూ వస్తా.

ఇంక అసలు మాట. నీళ్ల సీసా సంచిలో ఉంటే చాలదు, నీళ్లు కడుపులో పడాల.

మీ అమ్మ నీకు ఈ సంగతి చెప్పి ఉండదు. అది కాలేజీలో ఉండగా మేమంతా ఇట్లాగే ఎండాకాలంలో గుత్తికి పోతిమి. దాని సీసా నిండుగానే ఉంది, మూత తీస్తే కదా! పైన ఆడపిల్లలు పోయేదానికి మరుగు లేదని, వెంట మగపిల్లలున్నారని పొద్దున్నుంచి గొంతు తడుపుకోలేదు. ఎవరడిగినా "దప్పిక లేదు" అనేది. కొండ అంచున, ఈ కోటనేలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె ఉంది కదా, ఆడికి చేరేసరికి మొహం ఎర్రగా కందిపోయింది. చెమట ఆగిపోయింది. చెయ్యి పట్టుకుంటే పెనం తాకినట్టుంది. "బస్సు వచ్చిందా అక్కా?" అని నన్నడిగింది. కొండ మీద బస్సేంది! ఆ మాటకు నా గుండె జారిపోయింది.

మావాళ్లు గాబరాగా నోట్లో నీళ్లు పోయబోతే, మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన కేకలేసి ఆపినాడు. తెలివి తప్పిన మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాడు. గోడ నీడకు మోయించి, తన తువ్వాలు తడిపి మెడ మీదా చంకల్లోనూ పెట్టించి, మా చున్నీలతో విసరమన్నాడు. ఆ రోజు ఆయన లేకపోతే నువ్వు లేవు బిడ్డా.

అందుకే చెప్తున్నా, సిగ్గుపడొద్దు. కొండెక్కే ముందు హైవే మీద పెట్రోలు బంకులో ఆడపిల్లలంతా పోయి రండి. ఒక దుప్పటి తీసుకుపోండి, పైన అవసరమైతే ఇద్దరు అడ్డం పట్టుకుంటారు. నెలసరి రోజులైతే ఆ సరంజామా, ఒక కవరు సంచిలో వేసుకో. ఉప్పేసిన మజ్జిగ తీసుకుపో, గంటకోసారి అందరూ తాగాల. ఎవరైనా "దప్పిక లేదు" అంటే వాళ్లకే ముందు తాగించు. మాట తడబడితే 108కి ఫోన్ చెయ్యండి.

నువ్వు చరిత్ర చదివే పిల్లవు కాబట్టి ఇంకొక మాట. ఆ గద్దె మీద కూర్చున్న మురారిరావు ఘోర్పడే సామాన్యుడు కాదు. 1776లో హైదర్ అలీ ముట్టడిస్తే పైకోటలో మనుషులకూ పశువులకూ నీళ్లు చాలక లొంగిపోవాల్సి వచ్చింది. అంత కట్టుదిట్టమైన కోట దప్పికతో పడిపోయింది! పైన రాతిబావులు చూసినప్పుడు ఆ సంగతి మీ వాళ్లకు చెప్పు. దిగినాక కింద తెల్లోళ్ల సమాధుల తోట కూడా చూడండి. మన దత్తమండలాలకు కలెక్టరుగా చేసిన మన్రో దొర 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోతే మొదట ఆడనే పూడ్చినారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయినారు. ఆయన్ను కూడా నీళ్ల జబ్బే తీసుకుపోయింది. అందుకే బావుల్లో నీళ్లు ఎంత తేటగా కనబడినా నోట్లో పోసుకోవద్దు, లోపలికి దిగనే దిగొద్దు. ఆ మెట్లకు పాచి ఉంటుంది.

పదకొండు లోపల కొండ దిగిపోవాల. దిగినాక ముందు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకు నేను చెప్తా. అది నీ గొంతు వింటే ఏడుస్తుంది.

మీ పెద్దమ్మ