మేడ మీది నుంచి పాలపుంత పటం

ప్రశ్న: హైడ్రోజన్ వాయువు సంకేతాలతో ఇంటి దగ్గరే పాలపుంత ఆకారం గీయొచ్చంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: కొంతవరకు నిజమే. తటస్థ హైడ్రోజన్ 1420.406 మెగాహెర్ట్‌జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగంగా పలుకుతుంది. ధూళికీ మబ్బుకీ ఆగదు.

దీన్ని పట్టే యాంటెనాకు గుండ్రటి రేకు డబ్బా కావాలి. అది 15–16 సెం.మీ. వ్యాసం ఉండాలి, 12.4కి తగ్గితే ఈ తరంగం అసలు లోపలికే రాదు. అందులో 5.2 సెం.మీ. రాగి తీగ, ముందు 75×60 సెం.మీ. నోరున్న రేకు గరాటు. సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్‌ను తీగ పక్కనే బిగించండి. పొడవాటి కేబుల్ తర్వాత పెడితే సంకేతం రొదలో కలిసిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

జూలై మొదట్లో అర్ధరాత్రి దక్షిణాన 73 డిగ్రీల ఎత్తుకు గురిపెడితే గెలాక్టిక్ రేఖాంశం (పాలపుంత కేంద్రం దిశ నుంచి పాలపుంత వెంబడి కొలిచే కోణం) 30 డిగ్రీలు. పది నిమిషాలు నమోదు చేసి, పాలపుంతకు దూరంగా ఉన్న ఆకాశపు నమోదును అందులోంచి తీసేయండి. పౌనఃపున్యం 4.74 కిలోహెర్ట్‌జ్ తగ్గితే వాయువు సెకనుకు 1 కి.మీ. వేగంతో దూరమవుతున్నట్టు. భూమి, సూర్యుల కదలికను సరిచేయకపోతే లెక్క పదుల కిలోమీటర్లు తప్పుతుంది.

ఆ 30 డిగ్రీల దిశలో వాయువు గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 110 కి.మీ. దానికి సూర్యుడి వేగం 220లో సైన్ 30 వంతు, మరో 110 కలిపితే పాలపుంత కేంద్రం నుంచి 13,300 కాంతి సంవత్సరాల దూరంలో భ్రమణ వేగం 220 అని తేలుతుంది.

సర్పిల భుజాలు గీయడమే చిక్కు. సూర్యకక్ష్య (పాలపుంత కేంద్రం చుట్టూ సూర్యుడు తిరిగే దారి) లోపల ఒకే వేగానికి దగ్గరిదో దూరానిదో రెండు చోట్లు సరిపోతాయి. అందుకే ఆ కక్ష్యకు బయటి భుజాలతో మొదలుపెట్టండి.