రిపోర్టు చాలదు, బొమ్మలు కూడా అడగండి

అమ్మగారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నార్మల్ అన్నారు, ఏడాది తిరక్కుండానే ఇంకో ఆసుపత్రిలో గడ్డ ఉందన్నారు, పాత బొమ్మలు అడిగితే మొదటి ఆసుపత్రి ఇవ్వనంటోంది, అడిగే హక్కు మనకుందా అని కదా మీ ప్రశ్న. ఉందండి. మా అక్క విషయంలో ఇదే తిప్పలు నేనూ పడ్డాను.

హెల్త్ చెకప్ ప్యాకేజీలో తీసిన అక్క మామోగ్రామ్ రిపోర్టు చివర 'బైరాడ్స్ 2' అని ఉంది, అంటే భయపడాల్సిందేమీ లేదని. పది నెలలకు రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. రెండో ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ రిపోర్టు పక్కన పెట్టేసి, "ఇది ఒకరి అభిప్రాయం అమ్మా, నాకు బొమ్మలు కావాలి" అన్నారు.

మొదటి ఆసుపత్రి రికార్డు సెక్షన్‌కి వెళ్తే "పాతవి సిస్టమ్‌లో ఉండవు మేడమ్" అన్నారు. మర్నాడు "మేనేజర్ గారు లేరు". మూడోసారి కాగితం మీద రాసి రెండు కాపీలు పట్టుకెళ్ళాను. పేషెంట్ నంబరు, పరీక్ష తేదీ, సీడీలో డైకామ్ ఫైళ్ళు (స్కానింగ్ బొమ్మల అసలు డిజిటల్ ఫైళ్ళు) కావాలన్న మాట, నాకు ఇవ్వొచ్చని అక్క సంతకం. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని కూడా రాశాను. నా కాపీ మీద ముద్ర వేయడానికి అరగంట నసిగారు. సాయంత్రానికి సీడీ రెడీ అని ఫోనొచ్చింది! లేనివి ఎలా పుట్టుకొచ్చాయో మరి.

పాత బొమ్మలో, గడ్డ వచ్చిన చోటే, చిన్న నీడ ఉంది. గడ్డ ఎక్కడుందో తెలిశాక వెతికితే ఎవరికైనా కనబడుతుంది, అప్పుడు కనబడి తీరాలని అనలేం అన్నారు కొత్త రేడియాలజిస్టు. అది ఒప్పుకున్నాం. ఒళ్ళు మండింది ఇంకోదానికి. సీడీ ఇస్తూ మేనేజరు "మా డాక్టర్ కూడా మళ్ళీ చూశారులెండి" అని నోరు జారాడు. ఏం చూశారో మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.

ఐర్లండ్‌లో విక్కీ ఫెలన్ అనే ఆవిడకు జరిగిందీ ఇలాంటిదే. 2011లో ఆవిడ స్మియర్ పరీక్ష (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) నార్మల్ అన్నారు, 2014లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడింది. పాత స్లైడ్ తప్పు చదివారని రివ్యూలో తేలినా ఆవిడకు చెప్పింది 2017లో. ఆవిడ కోర్టుకెళ్ళింది, రాజీలో నోరు మూసుకుని ఉండాలన్న షరతు ఒప్పుకోనంది. అలా 2018లో విషయం బయటికొచ్చాక, అదే స్థితిలో ఉన్న ఆడవాళ్ళు రెండొందలకు పైగా తేలారు.

అందుకే మీ అర్జీలో ఇంకో వాక్యం కలపండి: "మళ్ళీ ఎవరైనా చూసి ఉంటే, వారేం రాశారో ఆ కాపీ కూడా ఇవ్వండి." బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) అయ్యాక స్లైడ్లు, బ్లాకులు (ఆ ముక్కను మైనంలో భద్రపరిచినవి) కూడా అడిగి తీసుకోండి, సెకండ్ ఒపీనియన్‌కి అవే అడుగుతారు. ప్రభుత్వాసుపత్రి అయితే ఆర్టీఐ వేయండి. ప్రైవేటు వాళ్ళు మొండికేస్తే డీఎంహెచ్‌వోకి (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి) ఫిర్యాదు, ఆపైన వినియోగదారుల కమిషన్.

ఈ కాగితాల కోసం బయాప్సీ మాత్రం ఆపకండి. మేం సీడీ వచ్చేదాకా ఆగి నాలుగు రోజులు పోగొట్టుకున్నాం. అక్క ఇప్పుడు బాగానే ఉంది.