బరువు తగ్గితే బండి మైలేజ్ పెరుగుతుందా? 22 కిలోలు తగ్గాక నా నోట్‌బుక్‌లో తేలిన లెక్క

మీరు అడిగింది ఇది: “నా బరువు 102 కిలోలు. బెంగళూరులో చందాపుర నుంచి జయనగర్‌కి రోజూ స్కూటర్ మీద వెళ్లి వస్తాను. మైలేజ్ 40 దాటడం లేదు. పాతిక కిలోలు తగ్గితే పెట్రోల్ ఖర్చు సగానికి పడిపోతుందని ఆఫీసులో ఒకరన్నారు. నిజమేనా?”

సగం కాదండీ. స్కూటర్ మీద ఐదారు శాతం తగ్గుతుంది. కారులో అయితే కొలిచి పట్టుకోవడం కూడా కష్టం. కానీ బరువు తగ్గాక నా పెట్రోల్ వాడకం నిజంగానే బాగా పడిపోయింది. అది మాత్రం వేరే దారిలో జరిగింది. ఆ రెండో సంగతి మీకు ఎక్కువ పనికొస్తుందని ఇంత పెద్ద సమాధానం రాస్తున్నాను.

మాది అనంతపురం. పదేళ్లకు పైగా బెంగళూరులోనే ఉంటున్నాం. ఇల్లు రామమూర్తినగర్ వైపు, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ దగ్గర. 2023 జనవరిలో నా బరువు 96 కిలోలు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గట్టిగా చెప్పడంతో మొదలుపెట్టి, 2024 మార్చికి 74కి వచ్చాను. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ రీడింగ్ రాసుకోవడం నాకు మా నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. ఆయన లూనా నడిపిన రోజుల్లో కూడా చిన్న డైరీ జేబులో ఉండేది. అందుకే బరువూ మైలేజీ పక్కపక్కనే పెట్టి చూసుకోగలిగాను.

ముందు నేను పొరబడిన చోటు చెప్తాను, ఎందుకంటే మీరూ అక్కడే ఉన్నారేమోనని నా అనుమానం. 2023 మొదట్లో నా బండి 39, 39.5 ఇచ్చేది. లావు వల్లే ఇలా అవుతోందని చాలా బాధపడ్డాను. ఒకరోజు టిన్ ఫ్యాక్టరీ దగ్గర పంక్చర్ పడితే, షాపతను వెనక చక్రం విప్పేముందు టైరు అంచులు చూపించాడు. మధ్యలో కన్నా పక్కల ఎక్కువ అరిగి ఉన్నాయి. చాలా రోజులుగా గాలి తక్కువతో నడుపుతున్నారు సార్ అన్నాడు. నా బండి మాన్యువల్‌లో వెనక టైరుకి ఒక్కరైతే 29 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ఇద్దరైతే 36 అని ఉంది. నేను నెలకోసారి కూడా గాలి చూపించుకునేవాణ్ని కాదు. మనిషి బరువెక్కువ, టైర్లో గాలి తక్కువ. అంటే టైరు నేలకు అతుక్కుని నలుగుతూ పోతుంది, ఆ నలుగుడుకి పెట్టే శక్తి అంతా పెట్రోల్ నుంచే రావాలి. గాలి సరిచేయించి, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. తర్వాతి ఐదు ట్యాంకుల సగటు 43.5 వచ్చింది. నా బరువు అప్పటికి ఒక్క కిలో కూడా తగ్గలేదు.

కాబట్టి ఇవాళే చేయగలిగిన పని అది. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. మీ బరువుకి వెనక ఎంత ఉండాలో మాన్యువల్ చూసి, మీ మెకానిక్‌ని కూడా అడగండి.

ఇక బరువు సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అదే బండి, అదే దారి, అదే బంక్, అదే గాలి. మళ్లీ ఐదు ట్యాంకులు లెక్క వేశాను. సగటు 46. అంటే 22 కిలోలు తగ్గినందుకు లీటరుకు రెండున్నర కిలోమీటర్లు పెరిగింది. నా స్కూటర్ 106 కిలోలు, నేను 96, మొత్తం 202. తర్వాత అది 180 అయింది. ఇంజిన్ లాగే బరువు 11 శాతం దాకా తగ్గితే, మైలేజ్ 6 శాతం లోపే పెరిగింది. మిగతాది ఎక్కడికి పోయిందని నాకూ సందేహం వచ్చింది. ఇంజనీరింగ్ చదివిన రోజుల నాటి లెక్కలు మళ్లీ తీశాను.

పెట్రోల్ అంతా మన బరువు మోయడానికే కాలదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడితే, ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతే, ఇంజిన్ లోపలి రాపిడికి, ఇలా చాలా పెట్రోల్ పోతుంది. మీరు 60 కిలోలున్నా 100 ఉన్నా ఆ ఖర్చు దాదాపు అంతే. బరువు దెబ్బ తగిలేది మూడు చోట్ల. ఆగిన బండిని మళ్లీ వేగం అందుకునేలా చేసేటప్పుడు, టైరు దొర్లేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు. వీటిలో మొదటిదే మన ఊళ్లో పెద్దది. 40 వేగం అందుకోవడానికి బండికి ఇచ్చిన శక్తి మొత్తం, బ్రేక్ వేయగానే బ్రేకుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. మళ్లీ గ్రీన్ పడగానే మొదటి నుంచి ఇవ్వాలి. కిలోమీటరుకు మూడుసార్లు ఆగితే మూడుసార్లు. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి మీదుగా వెళ్లేవాళ్లకి ఈ సంగతి ఒంటికే తెలుసు. అందుకే హైవే మీద పెద్దగా కనిపించని బరువు తేడా, సిటీలో స్కూటర్ మీద కాస్త కనిపిస్తుంది.

డబ్బుల్లోకి మారిస్తే ఎంత? అప్పట్లో నేను నెలకి 720 కిలోమీటర్లు తిరిగేవాణ్ని. 43.5 లెక్కన పదహారున్నర లీటర్లు. 46 లెక్కన దాదాపు 15.6. తొమ్మిది వందల మిల్లీలీటర్లు మిగిలింది. లీటరు 103 రూపాయలనుకుంటే నెలకి 93 రూపాయలు. మీరు రానూపోనూ 45 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు తిరిగితే, పాతిక కిలోలు తగ్గాక లీటరున్నర, పోనీ ఒకటీ ముప్పావు మిగులుతుంది. మంచిదే. కానీ ఆ డబ్బు కోసం ఎవరూ ఏడాది పాటు అన్నం తగ్గించుకోరు, నేనూ తగ్గించుకునేవాణ్ని కాదు.

కారు సంగతి త్వరగా చెప్పేస్తాను. మా చిన్న కారు 900 కిలోల పైనే ఉంటుంది. అందులో నా 22 కిలోలు ఏపాటి? అమెరికా ప్రభుత్వం వాహనదారులకు చెప్పే లెక్క ప్రకారం 100 పౌండ్లు, అంటే సుమారు 45 కిలోల అదనపు బరువుకి మైలేజ్ ఒక శాతం దాకా పడిపోతుంది. ఆ లెక్కన నాకు వచ్చేది అర శాతం. లీటరుకు 16 ఇచ్చే కారులో అది 80 మీటర్లు. మా ఊరికి వెళ్లేటప్పుడు ఎన్‌హెచ్ 44 మీద 100 బదులు 80లో వెళ్తే మిగిలేది దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 80 దగ్గర కంటే 100 దగ్గర అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

మరి మీ ఆఫీసులో వాళ్లకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? బహుశా అమెరికా పరిశోధన ఒకటి చేతులు మారి పెద్దదై ఉంటుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ జేకబ్సన్, లారా మెక్‌లే 2006లో ఒక లెక్క ప్రచురించారు. 1960తో పోలిస్తే అమెరికన్ల శరీర బరువు పెరిగినందువల్ల కార్లు, చిన్న ట్రక్కులు ఏటా 93.8 కోట్ల గ్యాలన్లు అదనంగా కాలుస్తున్నాయని. మన లెక్కలో 355 కోట్ల లీటర్లు. వింటే గుండె ఆగుతుంది. అయితే అది ఆ దేశంలో ఏటా కాలే పెట్రోల్‌లో ఒక శాతం కన్నా తక్కువే. కోట్ల మందివి కలిపితే సముద్రం, ఒక్కొక్కరిదీ చూస్తే చెంబుడు. విమానాల్లో ఈ తేడా ఇంకాస్త స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రతి కిలోనూ గాల్లోకి లేపి నిలబెట్టాలి. 1990ల్లో అమెరికన్ల సగటు బరువు 10 పౌండ్లు పెరగడం వల్ల 2000లో విమానాలు 35 కోట్ల గ్యాలన్లు ఎక్కువ ఇంధనం కాల్చాయని అక్కడి ఆరోగ్య శాఖ పరిశోధకులు 2004లో లెక్కగట్టారు.

ఈ అంకెలు చూసి లావుగా ఉన్నవాళ్లని తప్పుపట్టేవాళ్లు ఉంటారు. నాకు అది నచ్చదు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ల చూపులు ఎలా ఉంటాయో 96 కిలోలున్నప్పుడు నేను పడ్డాను. ఒక్క మనిషిని మోయడానికి 900 కిలోల ఇనుము కదులుతున్నప్పుడు, ఆ మనిషి 74 ఉన్నాడా 96 ఉన్నాడా అనేది చాలా చిన్న ప్రశ్న. అసలు అంత ఇనుము కదలాల్సిన అవసరం ఉందా అన్నదే పెద్ద ప్రశ్న.

నా జీవితంలో మార్పు వచ్చింది సరిగ్గా అక్కడే. 96 ఉన్నప్పుడు మోకాళ్లు పట్టేసేవి. వీధి చివర కూరగాయల బండికి, పాల ప్యాకెట్‌కి, మందుల షాపుకి, అన్నిటికీ స్కూటరే. అర కిలోమీటరు, ముప్పావు కిలోమీటరు. ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేసేది. చల్లటి ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, కాబట్టి అన్నిటికన్నా దండగ ప్రయాణాలు అవే. 2023 అక్టోబరు 9న బయ్యప్పనహళ్లి, కేఆర్ పుర మధ్య మెట్రో మొదలై, వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ కలిసిపోయింది. మాకు బెన్నిగానహళ్లి స్టేషన్ రెండు కిలోమీటర్లు. ఆఫీసుకు పట్టందూరు అగ్రహార స్టేషన్ దగ్గర. ఇంటి ముందుకే వచ్చినట్టు. అయినా నేను ఎక్కలేదు. రెండు కిలోమీటర్లు నడిచి, మెట్లెక్కి, నిలబడి వెళ్లే ఓపిక అప్పటికి నాకు రాలేదు.

తర్వాతి జూన్‌లో, 74 దగ్గర బరువు నిలబడ్డాక, ఒక వాన రోజు బండి తీయబుద్ధి కాక గొడుగు వేసుకుని నడిచాను. పాతిక నిమిషాల్లో స్టేషన్లో ఉన్నాను. ఆయాసం లేదు. మెట్లు కూడా నడిచే ఎక్కాను. ఆ రోజు రైల్లో నిలబడి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా. ఆ తర్వాత ఆఫీసుకి స్కూటర్ తీసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కూరగాయలకీ నడకే. పదహారున్నర లీటర్ల నుంచి నెలకి నాలుగు లీటర్లకు దిగాను. బరువు నేరుగా మిగిల్చింది లీటరు లోపు. బరువు తగ్గిన కాళ్లు మిగిల్చింది పన్నెండు లీటర్ల దాకా.

దీనివల్ల నా జేబులో డబ్బు మాత్రం మిగల్లేదు. 2025 ఫిబ్రవరిలో మెట్రో ఛార్జీలు పెంచాక, స్కూటర్‌కి అయ్యే పెట్రోల్ కన్నా నాకు టికెట్టే ఎక్కువ పడుతోంది. అది బాధాకరమైన విషయమే, అంత పెంచకుండా ఉండాల్సింది. అయినా నడుము నొప్పి పోయింది, ఇంటికి వచ్చేసరికి పిల్లలతో మాట్లాడే ఓపిక ఉంటోంది. మా ఆవిడ అయితే నా గొంతు కూడా మారిందంటుంది, కసురుకోవడం తగ్గిందని.

ఎలా తగ్గానని అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. రాత్రి అన్నం మానేసి రాగి సంగటి, ఆకుకూర పప్పు, అదీ ఎనిమిదిలోపు. టీలో చక్కెర పూర్తిగా మానేశాను. మొదటి రెండు నెలలు నడక పావుగంటే. మోకాళ్లు నొప్పిగా ఉన్నప్పుడు పంతానికి పోవద్దు. మీరు వంద దాటి ఉన్నారు కాబట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని మొదలుపెట్టండి.

మీ విషయంలో ఒక మంచి అవకాశం ఉంది. 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా యెల్లో లైన్ వచ్చింది, 19 కిలోమీటర్లు. చందాపుర నుంచి బొమ్మసంద్ర స్టేషన్ దాకా స్కూటర్ మీద వెళ్లి అక్కడ పెట్టేయండి, ఆర్‌వీ రోడ్‌లో దిగితే జయనగర్ పక్కనే. దిగాక ఆఫీసు దాకా ఎంత నడక ఉంటుందో ఒక ఆదివారం ఊరికే వెళ్లి చూసి రండి. ఇప్పుడు నడవలేకపోతే ఆటో ఎక్కండి, మూడు నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

ఈలోపు, గాలి సరిచేయించిన రోజే ట్యాంక్ నింపించి రీడింగ్ రాసుకోండి. నాజిల్ దానంతటదే ఆగగానే ఆపమనండి, మళ్లీ నింపేటప్పుడూ అదే బంక్‌లో అలాగే. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంక్ చూసి నమ్మకండి, ఐదైనా ఉండాలి. పక్కనే మీ బరువూ రాయండి. ఐదు ట్యాంకులయ్యాక ఆ అంకెలు ఇక్కడ పెడితే నేను తప్పకుండా చూస్తాను.