అద్దంలాంటి నీళ్లలో ఆకలి

చేపల తొట్టి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎండాకాలంలో రైవస్ కాలువకు నీళ్లు ఆపినప్పుడు బురదలో దొరికాయని మా అబ్బాయి మూడు ఆల్చిప్పలు తెచ్చాడు. వాడు ఆరో తరగతి. వాటిని మా రెండడుగుల గాజు తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లతో పాటే వేశాం. రంగు రాళ్లు పరిచి, ఫిల్టర్ పెట్టి, వారం వారం నీళ్లు మారుస్తున్నాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మొదట్లో నాలుకలాంటిది బయటపెట్టి మెల్లగా జరిగేవి. నెలన్నర అయింది, ఇప్పుడు కదలడం లేదు. ఒకటి నిన్నటినుంచి నోరు తెరిచే ఉంది. చేపల మేత ముట్టుకోవు. ఏం చేయాలి? వీటిలో ముత్యాలు వస్తాయా అని మావాడు అడగమన్నాడు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు నోరు తెరిచినదాని సంగతి చూడండి, మిగతాది తర్వాత చదవచ్చు. బయటికి తీసి పెంకుల అంచు మీద వేలితో తట్టండి. ప్రాణం ఉంటే మెల్లగానైనా బిగుసుకుంటుంది. నొక్కితే మూతపడి, వదలగానే మళ్లీ తెరుచుకుంటే పోయినట్టే. అలాగైతే వెంటనే పారేసి, తొట్టిలో సగం నీళ్లు మార్చండి. చచ్చిన ఆల్చిప్ప మెత్తటి మాంసం, త్వరగా కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెంచేస్తుంది. ఇది నేను అనుభవించాను. చాలా ఏళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే ఇల్లంతా వాసన. ఇసుకలో కూరుకుపోయిన ఒక ఆల్చిప్ప ఎప్పుడు చచ్చిందో నేను చూసుకోలేదు. తొమ్మిది చేపలు తేలిపోయి ఉన్నాయి. అప్పటినుంచి పొద్దున లేవగానే ఆల్చిప్పలన్నీ లెక్కకు వచ్చాకే వేరే పని.

ఇక అసలు జబ్బు. మీ ఆల్చిప్పలకు ఆకలమ్మా. మీరు శ్రద్ధగా చేస్తున్న శుభ్రమే వాటి కంచం ఖాళీ చేస్తోంది. ఆల్చిప్ప దేన్నీ కొరికి తినదు. నీళ్లను లోపలికి పీల్చి, అందులో తేలే కంటికి కనిపించనంత చిన్న నాచును మొప్పలతో వడగట్టుకుని తింటుంది. మన చేపల చెరువుల రైతులు ప్లాంక్టన్ అనేది దీన్నే. కాలువ నీళ్లలో అది పుష్కలం. మీ ఫిల్టర్ దాన్ని మిగలనివ్వదు, మిగిలిన కాస్తా వారానికోసారి బయటికి పోతోంది.

పైగా చేప చిక్కితే పొట్ట లోపలికి పోయి తెలుస్తుంది, ఆల్చిప్ప చిక్కినా పెంకు చిక్కదు. ఎంత గట్టి పెంకు అది! మా అమ్మమ్మ మాగాయ పెట్టే రోజుల్లో ఆల్చిప్పను గరుకు రాతి మీద అరగదీసి, బెజ్జం పడ్డాక ఆ అంచుతోనే మామిడికాయల చెక్కు తీసేది. అంత పెంకు లోపల మాంసం నెలల తరబడి కరిగిపోతున్నా బయటికి నిక్షేపంగానే కనిపిస్తుంది. అందుకే చాలామంది ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అంటారు.

బతికున్న రెండిటినీ గోల్డ్‌ఫిష్‌ల దగ్గరనుంచి తీసేయండి. అవి అడుగంతా గెలుకుతూ వీటిని స్థిమితంగా నోరు తెరవనివ్వవు. వెడల్పాటి సిమెంటు తొట్టో ప్లాస్టిక్ టబ్బో తీసుకుని, రంగు రాళ్లు కాకుండా కడిగిన సన్నటి ఇసుక మూడు అంగుళాలు పరవండి. ఆల్చిప్ప తనంతట తానే సగానికి పైగా అందులో దిగిపోతుంది. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే ఒకరోజు నిలవబెట్టి పోయండి. గాలి పంపు ఉండాలి, ఫిల్టర్ వద్దు. టబ్బు నీడలోనే ఉంచండి, మన ఎండకు నీళ్లు మరిగిపోతాయి.

మేత మీ ఇంట్లోనే ఉంది. చేపల తొట్టి నుంచి పారబోసే నీళ్లను తెల్ల బకెట్లో పోసి డాబా మీద ఎండ తగిలేలా పెట్టండి. దోమలు రాకుండా పల్చటి గుడ్డ కట్టండి. వారం పది రోజుల్లో లేత పచ్చగా మారతాయి. రోజూ ఒక మగ్గు టబ్బులో పోయండి. నీళ్లు తేటబడ్డాయంటే తిన్నట్టు, అప్పుడు ఇంకో మగ్గు.

మీ అబ్బాయికి ఒక పని చెప్తాను. టార్చి వేసి ఇసుక పైన కనిపించే రెండు చీలికలను చూడమనండి. ఒకదాని అంచున కనురెప్పల వెంట్రుకల్లా సన్నటి పోగులు ఉంటాయి, నీళ్లు లోపలికి పోయే దారి అది. పక్కది నున్నగా ఉంటుంది, వాడేసిన నీళ్లు వచ్చే దారి. డ్రాపర్‌తో ఒక చుక్క పచ్చ నీళ్లు పోగుల దగ్గర వదిలితే ఆ పచ్చదనం దారంలా వంగి లోపలికి వెళ్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు గంటసేపు అక్కడినుంచి లేవలేదు.

చేపలకు జబ్బు చేసి మందు వేస్తే ఆ నీళ్లు టబ్బులో పడనివ్వకండి, రాగి కలిసిన మందు వీటికి విషం. కొట్టులో కొన్న చేపలతో కలిసి ఉన్నవాటిని తిరిగి కాలువలో వదలడం కూడా నాకు ఇష్టం లేదు, రోగాలు వెంట వెళ్తాయి. ఇవి ఇక మీ బాధ్యతే.

ముత్యం మాటకొస్తే, మన దేశంలో మంచినీటి ముత్యాల సాగుకు ఎక్కువగా వాడేది లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే ఆల్చిప్పను. కానీ ముత్యం వాటంతట అవి కట్టడం చాలా అరుదు. పెంకు కొద్దిగా తెరిచి లోపల పూస అమర్చాలి, తర్వాత నెలల తరబడి మేపాలి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని సిఫా, అంటే మంచినీటి చేపల పెంపకం మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇందులో శిక్షణ ఇస్తుంది. నీరసంగా ఉన్నవాటి మీద ఆ ప్రయోగం వద్దని బాబుకు నా మాటగా చెప్పండి.

ప్రశ్న: ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాను. నీలి రంగు జెయింట్ క్లామ్ (సముద్రపు పెద్ద ఆల్చిప్ప) తేవాలని ఉంది. దానికి ఏం మేత వేయాలి?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: దాని ముఖ్యమైన మేత వెలుతురండీ. దాని రంగుల చర్మంలోనే నాచు కాపురం ఉంటుంది, అది వెలుగుతో వండి పెడుతుంది. గట్టి లైట్లు కావాలి. లీటరు నీళ్లలో 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి. వేడి 27 డిగ్రీలు దాటకూడదు, అంటే గుంటూరు ఎండల్లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా కుదరదు. రాయికి పోగులతో అంటుకుని ఉన్నదాన్ని పట్టి లాగితే లోపల చీరుకుపోయి చస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వీటిలో మాక్సిమా, స్క్వామోసా రకాలు మన సముద్రాల్లోనూ ఉన్నాయి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది. విదేశీ రకాల వ్యాపారం మీద సైటిస్ అనే, అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రణ ఉంది. కొట్టువాళ్లు ఏం చెప్పినా, ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడగండి. కాగితాలు లేనిదాన్ని ఇంటికి తేవద్దు.