రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ఆసుపత్రికో రేటు ఎందుకు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 54 ఏళ్లు. కుడి రొమ్ములో గడ్డకు ముక్క పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. రొమ్ము తీసేయాలన్నారు. విశాఖపట్నంలో మూడు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగాం. ఒకచోట లక్షా అరవై వేలు, ఇంకోచోట రెండున్నర లక్షలు, మరోచోట నాలుగు లక్షలు చెప్పారు. తక్కువ చెప్పినచోట చేయిస్తే అమ్మకు ప్రమాదమా?

జవాబు: రేటు తక్కువైనంత మాత్రాన ప్రమాదం ఏమీ లేదు. ఎక్కువ కట్టినంత మాత్రాన క్యాన్సర్ బాగా నయమవుతుందనీ అనుకోకండి. అసలు ఆ మూడు అంకెలూ ఒకే పనికి చెప్పినవి కాకపోవచ్చు. ఒకరు ఆపరేషన్, బెడ్ వరకే లెక్కగట్టి ఉంటారు. మరొకరు మత్తు డాక్టరు ఫీజు, మందులు, తీసిన గడ్డకు చేసే పరీక్షలు కూడా కలిపి ఉంటారు. నాలుగు లక్షలన్నచోట ఏ గదికి చెప్పారో చూడండి. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో గది మారితే అద్దెతో పాటు సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా పెరుగుతాయి. చేసేది మాత్రం అదే సర్జన్, అదే థియేటర్‌లో. ఈ సంగతి కౌంటర్లో ఎవరూ విడమరిచి చెప్పరు. మీరే అడగాలి, కాగితం మీద రాయించుకోవాలి.

ఒకే ఊళ్లో ఇన్ని ఆసుపత్రులుంటే పోటీకి రేట్లు దిగాలి కదా అనిపిస్తుంది. ధర ముందే తెలిసి, నచ్చకపోతే ఇంకోచోటికి పోగలిగితేనే పోటీ పనిచేస్తుంది. రిపోర్టులు పట్టుకుని భయంతో బస్సెక్కిన కుటుంబానికి ఆ వీలెక్కడిది? అందుకే పోటీ అంతా కొత్త మెషీన్లలో, హోర్డింగుల్లో కనిపిస్తుంది, బిల్లులో కనిపించదు. అమెరికాలో 2021 జనవరి నుంచి ఆసుపత్రులు తమ రేట్లు బయటపెట్టాలని నిబంధన తెచ్చారు. అక్కడా ఒకే ఆపరేషన్‌కు ఆసుపత్రుల మధ్య పెద్ద తేడాలే బయటపడ్డాయి.

ఫలానా ఆసుపత్రికే వెళ్లమని ఎవరైనా పట్టుబడుతుంటే కాస్త ఆలోచించండి. పేషెంటును పంపినందుకు డాక్టర్లు కమీషన్ ఇచ్చిపుచ్చుకోవడం 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం తప్పు. అయినా జరుగుతోంది. ఆ డబ్బు చివరికి మీ బిల్లులోనే కలుస్తుంది. ఇది రాయడం నాకు బాధగానే ఉంది.

ప్రభుత్వ వైద్య పథకం కార్డు ఉందో లేదో మీరు రాయలేదు. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మొన్నటిదాకా మనం ఆరోగ్యశ్రీ అన్న పథకంలో, క్యాన్సర్ ఆపరేషన్‌తో పాటు కీమో, రేడియేషన్ కూడా ఉన్నాయి. మీకు అర్హత ఉంటే నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి, పథకం కింద ఖరారు చేసిన ప్యాకేజీ డబ్బే వెళ్తుంది, ఆ వైద్యానికి మీ దగ్గర అదనంగా వసూలు చేయకూడదు. మీరు తిరిగిన మూడింటిలో నెట్‌వర్క్‌లో ఉన్నది ఏదో 104కు ఫోన్ చేసి కనుక్కోండి, ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. విశాఖలోనే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పొలం తాకట్టు పెట్టేముందు వీటిలో ఒకచోటైనా అమ్మగారిని చూపించండి.

రేటు కన్నా గట్టిగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. చేసేది క్యాన్సర్ సర్జనేనా, ఈ ఆపరేషన్లు తరచూ చేస్తారా? సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కేసు చూశారా? రొమ్ము మొత్తం తీయక తప్పదా? తొలి దశలో, అందుకు తగిన కేసుల్లో, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు విషయంలో ఫలితం సమానంగానే ఉంటుంది. ఆ మాట ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

వాకబుకు వారం పది రోజులు పట్టినా టెన్షన్ పడొద్దు. నెలలు మాత్రం గడవనివ్వకండి, నాటు మందుల వైపు అసలే వెళ్లకండి. ముక్క పరీక్షలో ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు (క్యాన్సర్ ఏ రకమో, ఏ మందులకు లొంగుతుందో చెప్పేవి) వచ్చాయో లేదో చూడండి. వాటినీ, గడ్డ సైజునీ బట్టి కొందరికి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. అమ్మగారికీ అదే చెబితే ఇప్పటి మూడు ఎస్టిమేట్లూ పక్కన పెట్టి, మొత్తం వైద్యానికి ఎంతవుతుందో కొత్తగా రాయించుకోండి.