టీచరుగా రిటైరైన నాయనమ్మ గురించి చిన్న పుస్తకం వేయాలంటే

పల్లెటూరి బళ్లలో పాఠాలు చెప్పి రిటైరైన నాయనమ్మ మీద, ఆవిడ సంవత్సరీకానికి చిన్న పుస్తకం తేవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. సర్వీసు రిజిస్టరుతో మొదలుపెట్టండి. ఏ ఊళ్లో ఎప్పుడు చేరారో, ఎప్పుడు బదిలీ అయ్యారో అందులో ఉంటుంది. ప్రసూతి సెలవుల తేదీలు చూస్తే మీ నాన్నగారు, మేనత్తలు పుట్టినప్పుడు ఆవిడ ఏ బళ్లో పనిచేస్తున్నారో కూడా తెలుస్తుంది. ప్రాథమిక పాఠశాల అయితే మండల విద్యాధికారి కార్యాలయంలో, హైస్కూలయితే హెడ్మాస్టరు దగ్గర అడగండి. పెన్షను పుస్తకం జిరాక్సు తీసుకెళ్తే వెతకడం తేలిక.

పుట్టినరోజు దగ్గర జాగ్రత్త. ఆ తరంలో బళ్లో వేసేటప్పుడు చాలామందికి జూలై 1 అని రాయించేశారు. అలా 1941 జూలై 1 అని ఉంటే, 58 ఏళ్ల లెక్కన రిటైరైంది 1999 జూన్ 30న. అసలు తేదీ ఇంట్లో పెద్దవాళ్ల నోట సంవత్సరం, మాసం, తిథిగా ఉంటుంది. విక్రమ నామ సంవత్సరం మాఘం అంటే 1940 అని వేసేస్తారు, అది తప్పు. విక్రమ 1940 ఉగాదికి మొదలైంది కాబట్టి మాఘం 1941లో పడుతుంది.

పుస్తకానికి ప్రాణం మాత్రం శిష్యులే. వాళ్లను "టీచరుగారు ఎలా చెప్పేవారు?" అని అడక్కండి. "చాలా బాగా చెప్పేవారు, దేవత" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. చిన్నచిన్నవి అడగండి. ఒత్తులు ఎలా దిద్దించేవారు? ఎక్కాలు ఎవరి చేత ముందు చెప్పించేవారు? బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లేవారా, వెళ్తే ఏమనేవారు? పలక లేనివాళ్లు దేని మీద రాసేవారు? ఒకే బ్యాచ్ వాళ్లను ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టండి, ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు. ఫోనులో రికార్డు చేసి వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉంచండి. దాన్ని గ్రాంథికంలోకి దిద్దితే ఆవిడ కనబడకుండా పోతారు.

ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోలు పీకొద్దు, పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

పిన్ను బైండింగుకి పేజీలు నాలుగు గుణిజాల్లో ఉండాలి, 32 సరిపోతాయి. సంవత్సరీకం తిథిని బట్టి కాబట్టి ఇంగ్లీషు తేదీకి సుమారు 11 రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధిక మాసం వస్తే ఆ తేదీ దాటాక ఆలస్యంగా వస్తుంది. పురోహితుణ్ణి అడిగాకే ప్రెస్సుకి గడువు చెప్పండి. పేజీలు కంపోజు చేసే డీటీపీ వాళ్లు, ఫోనులో, కంప్యూటరులో మామూలుగా టైపు చేసే యూనికోడ్ తెలుగును ప్రెస్సుల్లో వాడే అనూ ఫాంట్లలోకి మారిస్తే కొన్ని ఒత్తులు, సున్నాలు తేడా పడతాయి. మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి. ఆవిడతో పనిచేసిన తెలుగు పండితులెవరైనా ఉంటే ఆ చివరి ప్రూఫు వాళ్లకే ఇవ్వండి. సంతోషంగా చూస్తారు.